ఆండీస్ కొండలకు అవతల

పిల్లలూ! మీ అట్లాసు తీసి దక్షిణ అమెరికా పటం ముందు పెట్టుకోండి. ఖండానికి పడమటి అంచున, పసిఫిక్ మహాసముద్రాన్ని ఒరుసుకుంటూ, పైనుంచి కింది దాకా ఒక గోధుమరంగు పట్టీ కనిపిస్తుంది. అదే ఆండీస్ పర్వతశ్రేణి. దాని పొడవు సుమారు 7,000 కిలోమీటర్లు. నేలమీద ఇంత పొడవైన కొండల వరుస మరొకటి లేదు. మన హిమాలయాలు ఎత్తులో దీన్ని మించినవే గాని, పొడవులో దీనిలో సగమైనా రావు.

ఈ రోజుల్లో ఏటా ఎన్నో దేశాలనుంచి యువదంపతులు ఈ కొండలు చూడటానికి వెళుతుంటారు. చెరొక పెద్ద సంచీ వీపున తగిలించుకుంటారు. అందులోనే గుడారం, దుప్పటి, చిన్న పొయ్యి, తిండి, అన్నీ ఉంటాయి. ఎవరి బరువు వారే మోసుకోవాలి. ఈక్వడార్ దేశంలో బాన్యోస్ అనే చిన్న ఊరు ఇలాంటివారికి పెద్ద విడిది. ఊరి నెత్తిమీదనే తుంగురావా అనే అగ్నిపర్వతం ఉన్నది; ఎత్తు 5,023 మీటర్లు. దాని పుణ్యమా అని ఊళ్ళో వేడినీటి బుగ్గలున్నాయి. అక్కడినుంచి తూర్పుగా కొండలు దిగి అడవిలోకి పోయే రోడ్డును జలపాతాల దారి అంటారు. దారి పొడుగునా కొండ చరియల మీదినుంచి నీళ్ళు దూకుతూ ఉంటాయి. పూయో అనే ఊరు సుమారు 60 కిలోమీటర్లు. బస్సెక్కితే గంటన్నర.

ఆ దిక్కుగానే 1769లో ఒక స్త్రీ కొండలు దిగి వెళ్ళింది. అప్పుడు బస్సూ లేదు, రోడ్డూ లేదు. ఆమె పేరు ఇసబెల్. ఆమె భర్త ఝాన్ గొదాన్. ఆమె ఖండానికి ఈ వైపు, అతడు ఆ వైపు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇరవై సంవత్సరాలు అయింది. వారిద్దరి ప్రయాణం సంగతే ఈ నెల మీకు చెప్పబోతున్నాను.

అయితే దీన్ని భూమి ఆకారం దగ్గర మొదలుపెట్టాలి. కంగారు పడకండి, ఎక్కువసేపు పట్టదు.

భూమి గుండ్రంగా ఉన్నదని అప్పటికే అందరికీ తెలుసు. కాని ఎలాంటి గుండ్రం? తన చుట్టూ తాను తిరగటంవల్ల భూమి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉంటుందని, అంటే బత్తాయిపండులాగా ఉంటుందని ఇంగ్లండులో న్యూటన్ లెక్కగట్టాడు. అలా కాదు, ధ్రువాలవైపే సాగి నిమ్మకాయలాగా ఉంటుందని ఫ్రాన్సులో కొందరు పండితులు వాదించారు. మాటలతో తేలే విషయం కాదిది. కొలిచి చూడాలి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం ఎంత దూరమున్నదో కొలవాలి. ఉత్తరాన మంచుదేశంలో ఒక డిగ్రీ ఎంతో కొలవాలి. అణిగి చదునుగా ఉన్నచోట, ఆకాశంలో నక్షత్రం ఒక డిగ్రీ పైకి జరిగినట్టు కనిపించటానికి మనం ఎక్కువ దూరం నడవాలి. కనుక ఉత్తరాన డిగ్రీ పొడవుగా ఉంటే న్యూటన్ గెలిచినట్టు, పొట్టిగా ఉంటే ఫ్రెంచి పండితులు గెలిచినట్టు.

ఇందుకోసం ఫ్రాన్సు దేశం 1735లో ఒక పండిత బృందాన్ని భూమధ్యరేఖ దగ్గరి కీటో పట్టణానికి పంపింది. వారిలో లా కొందమీన్, బుగేర్, లూయీ గొదాన్ ముఖ్యులు. ఈ లూయీ గొదాన్‌కు వరసకు తమ్ముడైన కుర్రవాడే మన ఝాన్. వయసు ఇరవై రెండు. కొలత గొలుసు పట్టటం, కొండ శిఖరాల మీద గుర్తులు నాటటం అతడి పని. చెప్పుకోవటానికి చిన్న పనే గాని చేసి చూస్తే తెలుస్తుంది! ఆ ఎత్తున గాలి పలచన. నాలుగడుగులు వేస్తే గుండె దడదడ కొట్టుకుంటుంది. రాత్రిపూట మంచు, గాలికి గుడారాలు ఎగిరిపోయేవి. మబ్బు విడిచి ఎదుటి కొండ కనిపించేవరకు వారాల తరబడి పడిగాపులు పడాలి. ఇలా ఏళ్ళు గడిచాయి. పని పూర్తయ్యేసరికి 1743 వచ్చింది.

చివరికి న్యూటన్ మాటే నెగ్గింది. నడుము దగ్గర భూమి వ్యాసం, ధ్రువాల మధ్య వ్యాసం కన్నా సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువ. ఈ ఉబ్బువల్ల ఒక తమాషా జరిగింది. రియొబంబా పట్టణం దగ్గర చింబొరాసో అనే మంచుకొండ ఉన్నది. ఎత్తు 6,263 మీటర్లు. సముద్రమట్టంనుంచి కొలిస్తే ఎవరెస్టు ముందు ఇది చిన్నపిల్ల. కాని భూగర్భ కేంద్రంనుంచి కొలిస్తే చింబొరాసో శిఖరమే ఎవరెస్టు కన్నా రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. పరీక్షలో ఎత్తయిన శిఖరం ఏదని అడిగితే మాత్రం ఎవరెస్టు అనే రాయండి. ఇలాంటి కొలత పనే మన దేశంలో 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే దొర మొదలుపెట్టాడు. ఆ గీత తరువాత హైదరాబాదు రాజ్యం గుండా ఉత్తరానికి పోయింది.

ఇక మన కథలోకి వద్దాం. ఆ చింబొరాసో నీడన ఉన్న రియొబంబాలోనే ఇసబెల్ కుటుంబం ఉండేది. అది కలిగిన కుటుంబం. ఇసబెల్‌కు స్పానిష్ భాషేకాక, అక్కడి ఆదివాసుల కెచువా భాష కూడా వచ్చు. 1741 డిసెంబరులో ఆమెకు ఝాన్‌తో పెళ్ళి అయింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. మన దేశంలోలాగే అక్కడకూడా ఆ కాలంలో చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేసేవారు. పండితులందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఝాన్ మాత్రం అక్కడే సంసారం పెట్టాడు. భార్యను ఎప్పటికైనా ఫ్రాన్సుకు తీసుకువెళ్ళాలని అతడి కోరిక. ఆమెకూ అదే కోరిక.

తండ్రి పోయినట్టు ఫ్రాన్సునుంచి ఉత్తరం వచ్చాక, 1749 మార్చిలో ఝాన్ బయలుదేరాడు. ఆండీస్ తూర్పు వాలు దిగి, అమెజాన్ నది వెంట ఖండం అడ్డంగా దాటి, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఫ్రెంచివారి కయెన్ రేవు చేరాలి. దాదాపు 5,000 కిలోమీటర్ల దారి. ఇసబెల్ అప్పుడు గర్భవతి. ఆ స్థితిలో ఆమెను తీసుకుపోవటం ప్రమాదం. తాను ముందుగా వెళ్ళి, దారి చూసి, పడవలు ఏర్పాటు చేసి, తిరిగివచ్చి తీసుకుపోతానన్నాడు. 1750 ఏప్రిల్‌లో కయెన్ చేరాడు. పోవటం పోగలిగాడు గాని, రావటానికి వీలు లేకపోయింది. అమెజాన్ నది దిగువభాగమంతా పోర్చుగీసు రాజు అధీనంలో ఉండేది. పరాయి దేశస్థుణ్ణి అనుమతిలేకుండా నది ఎక్కనివ్వరు. అనుమతి కోసం ఝాన్ ఐరోపాకు ఉత్తరాలు రాశాడు. ఒకటి కాదు, రెండు కాదు. ఏళ్ళ తరబడి రాశాడు. జవాబు లేదు.

ఇక్కడ రియొబంబాలో ఆడపిల్ల పుట్టింది. పెరిగింది. తండ్రి ముఖం ఆ పిల్ల చూడలేదు, పిల్ల ముఖం తండ్రి చూడలేదు.

చివరకు 1765లో, ఎలా కరుణ కలిగిందో గాని, పోర్చుగీసు రాజు ఒక పడవను పంపాడు. దానికి ముప్ఫైమంది తెడ్లవాళ్ళు. ఇసబెల్‌ను ఎక్కించుకు రావటానికి అది నది ఎగువకు వెళ్ళాలి. తీరా పడవ వచ్చేసరికి ఝాన్‌కు అనుమానం పట్టుకున్నది. పోర్చుగీసువారు తనను బంధించటానికే ఇదంతా చేస్తున్నారేమో అని భయపడ్డాడు. పైగా జబ్బుగా ఉన్నాడు. అందుకని తాను ఎక్కక, నమ్మిన మనిషి ఒకడికి ఉత్తరాలూ డబ్బూ ఇచ్చి పంపాడు. ఆ మనిషి ఉత్తరాలు ఇసబెల్‌కు చేర్చలేదు. మధ్యదారిలో ఎవరికో అప్పగించి, తన వ్యాపారం తాను చూసుకున్నాడు. పడవ మాత్రం పోర్చుగీసు సరిహద్దు దగ్గర ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఆగిపోయింది. నా మట్టుకు నాకు ఈ మొత్తం కథలో ఝాన్ పడవ ఎక్కకపోవటం ఒక్కటే మింగుడుపడదు.

పడవ వచ్చిందట అన్న వార్త మాత్రం గాలివార్తగా ఆండీస్ కొండలెక్కి ఇసబెల్ చెవిన పడింది. నిజమని ఒకరు, అబద్ధమని ఒకరు. ఆమె ఇంట్లో హొవాకీన్ అనే బానిస ఉండేవాడు. ఆ కాలంలో అక్కడి ధనికుల ఇళ్ళలో ఆఫ్రికా జాతివారు బానిసలుగా ఉండేవారు. నిజం కనుక్కురమ్మని ఆమె అతణ్ణే పంపింది. అతడు కొండలు దిగి, అడవులు దాటి, పడవను కళ్ళారా చూసి, మళ్ళీ అంత దూరమూ ఎక్కివచ్చి, పడవ ఉన్నదని చెప్పాడు. ఇందుకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఇసబెల్ కూతురు పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ వయసులో మశూచికంతో చనిపోయింది.

ఇక ఆమెను రియొబంబాలో కట్టిపడేసేది ఏమీ లేదు. అమ్మగలిగిన సామాను అమ్మేసింది. ఇల్లూ తోటలూ అయినవారికి వదిలింది. పడవలు సిద్ధం చేయించటానికి తండ్రి నెలరోజులు ముందుగా వెళ్ళాడు. 1769 అక్టోబరు 1న ఆమె బయలుదేరింది. వెంట ఇద్దరు అన్నదమ్ములు, పిల్లవాడైన మేనల్లుడు, హొవాకీన్, ముగ్గురు దాసీలు ఉన్నారు. మేమూ వస్తామని ముగ్గురు ఫ్రెంచివారు తోడయ్యారు. వారిలో ఒకడు తాను వైద్యుణ్ణని చెప్పుకున్నాడు. ఆ దారిలో కంచరగాడిద కూడా నడవలేదు. కనుక ఇసబెల్‌నూ, సామాన్లనూ మోయటానికి 31 మంది ఆదివాసీ కూలీలను కుదుర్చుకున్నారు. అవును, ఆమెను కూడా మనుషులే మోశారు.

ఆ దారి ఎలాంటిదో కొంచెం చెబుతాను. రియొబంబా ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 2,750 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ చలి, గడ్డి మైదానాలు, ఆలుగడ్డ పొలాలు. కొండల నడుమ పుట్టిన నీళ్ళన్నీ కూడి పస్తాసా అనే నది అవుతుంది. ఆ నది తుంగురావా పాదం దగ్గర తూర్పు కొండల వరుసను కత్తితో కోసినట్టు కోసుకుని అవతలికి దూకుతుంది. ఆ గండి వెంటే దిగాలి. దిగేకొద్దీ ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క దేశానికి వచ్చినట్టుంటుంది. పొద్దున దుప్పటి కప్పుకున్న మనిషి మర్నాటికి చెమట తుడుచుకుంటాడు. గడ్డి పోయి పొదలు, పొదలు పోయి చెట్లు, ఆ చెట్ల నిండా నాచు, సీతాకోకచిలుకల్లాంటి పూలు పూసే బదనికలు వస్తాయి. ఎప్పుడూ మబ్బులోనే మునిగి ఉండే అడవి అది. పూయో అన్న ఊరి పేరు కూడా మబ్బు అనే అర్థం గల కెచువా మాటనుంచే వచ్చింది.

మబ్బు ఎక్కడిదంటారా? అట్లాంటిక్ సముద్రం మీదినుంచి వీచే తడిగాలి అమెజాన్ అడవి పైగా వచ్చి ఆండీస్ గోడకు కొట్టుకుంటుంది. ముందుకు పోవటానికి దారిలేక పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడుతుంది, చల్లబడితే వాన. హైదరాబాదులో ఏడాది అంతా కలిపి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. పూయో ప్రాంతంలో 400 సెంటీమీటర్లకు పైమాటే. దారి అన్నది బురద. రాళ్ళన్నీ పాకుడు. ప్రతి మలుపులోనూ ఒక ఏరు. ఆ వానలో, ఆ జారుడులో, మనిషిని ఎత్తుకుని దిగే కూలీ అడుగు ఎంత నిదానంగా పడాలో ఒక్కసారి ఊహించండి.

వారం దాటాక కొండలు తరిగి, బొబొనాసా అనే నది ఒడ్డున కనెలోస్ అనే పల్లె వచ్చింది. అక్కడి అడవిలో దాల్చినచెక్కలాగా వాసన వేసే చెట్లుంటాయి. ఆ పల్లె పేరు దాన్నిబట్టే వచ్చింది. అక్కడ పడవలూ పడవవాళ్ళూ దొరకాలి. కాని పల్లెలో మనుషులు లేరు. మశూచికం వచ్చి ఎందరో చచ్చిపోయారు. మిగిలినవారు రోగం అంటిందని ఇళ్ళు తగులబెట్టి అడవిలోకి పారిపోయారు. ఈ రోగం ఐరోపావారితో అమెరికాకు వచ్చింది. దానికి అలవాటుపడని అక్కడి ప్రజలను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. టీకాలవల్ల మశూచికం లోకంలో లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. కనుక మీకు దాని ముఖం తెలియదు. మీ తాతమ్మలను అడిగితే చెబుతారు.

ఆ పల్లెను చూసిన రాత్రే 31 మంది కూలీలూ వెళ్ళిపోయారు. కూలి ముందే ఇచ్చేశారు. పుస్తకాలు రాసినవారు కొందరు ఈ కూలీలను ద్రోహులన్నారు. నేనలా అనలేను. వాళ్ళకూ ఇళ్ళలో పిల్లలున్నారు.

వెనక్కు తిరిగిపోవచ్చు. ఇసబెల్ ఒప్పుకోలేదు. వెతగ్గా పల్లెలో ఇద్దరు మనుషులు కనిపించారు. వాళ్ళు ఒక దోనె తయారుచేసి ఎక్కించుకున్నారు. రెండు రోజులు నడిపి, మూడో తెల్లవారేసరికి వాళ్ళూ లేరు. దారిలో జబ్బుపడి కోలుకుంటున్న మనిషి ఒకడు చుక్కాని పట్టటానికి ఒప్పుకున్నాడు. వైద్యుడినని చెప్పుకున్న ఫ్రెంచివాడి టోపీ నీళ్ళలో పడింది. దాన్ని అందుకోబోయి ఆ పేదవాడు నదిలో పడ్డాడు. ఈదే శక్తిలేక మునిగిపోయాడు. ఒక టోపీకోసం!

దోనె నడపటం ఎవరికీ తెలియదు. అది నీళ్ళు నిండి మునగబోయింది. అందరూ ఒడ్డున దిగి, ఆకులతో గుడిసె వేసుకున్నారు. తరువాతి ఊరు అందోయాస్. అయిదారు రోజుల దూరం. వైద్యుడు, మరొక ఫ్రెంచివాడు, హొవాకీన్ దోనెలో ముందు వెళతామన్నారు. రెండు వారాలలో పడవలు పంపుతామన్నారు. రెండు వారాలు గడిచాయి. ఇరవై అయిదు రోజులు గడిచాయి. తిండి అడుగంటింది. ఏ పడవా రాలేదు.

కర్రలు కట్టి తెప్ప చేశారు. అది నీళ్ళలో ఒక కొమ్మకు తగిలి బోల్తాకొట్టింది. ఇసబెల్ రెండుసార్లు మునిగింది. అన్నదమ్ములు పైకి లాగారు. సామాను కొట్టుకుపోయింది. ఇక నడవటమే దిక్కన్నారు.

ఒడ్డు వెంట నడక మొదలయింది. ఆ నది పాములాగా మెలికలు తిరుగుతుంది. ఒక్కొక్క మెలిక చుట్టి వచ్చేసరికి పూట గడిచిపోయేది. చూస్తే వెనకటి చోటు ఎదురుగానే ఉండేది. దూరం కలిసివస్తుందని మెలికలను వదిలి అడవికి అడ్డంగా పడ్డారు. ప్రాణం తీసిన పని అదే. అడవిలో దారి తప్పినవాడు నీటి ఒడ్డు విడవకూడదు. నీరుంటే దాహం తీరుతుంది, ఎప్పటికైనా ఒక పడవ వస్తుంది, నది ఎటైనా ఒక ఊరికి తీసుకుపోతుంది. ఆ అడవిలో చెట్ల కప్పు కింద సూర్యుడు కనిపించడు. ఏది తూర్పో తెలియదు. ముళ్ళతీగలు బట్టలు చీల్చాయి, కాళ్ళు చీల్చాయి. నదికోసం వెతికారు. దొరకలేదు. ఆకలి, దాహం, నీరసం. ఒకచోట కూలబడ్డవారు మళ్ళీ లేవలేదు. మూడు నాలుగు రోజులలో ఒకరి తరువాత ఒకరుగా పోయారు. అన్నదమ్ములిద్దరూ, మేనల్లుడూ, దాసీలూ, ఆ మిగిలిన ఫ్రెంచివాడూ, ఎవరూ దక్కలేదు.

ఇసబెల్ రెండు రోజులు వారి మధ్యనే తెలివిలేకుండా పడి ఉన్నది. అప్పటికి 1769 డిసెంబరు ఆఖరు వారం. తరువాత లేచింది. చెప్పులు లేవు, బట్టలు పీలికలు. చనిపోయిన అన్నదమ్ముల బూట్లను కోసి, వాటి అట్టలను తన పాదాలకు కట్టుకున్నది. నడిచింది.

రియొబంబాలో బయలుదేరినప్పుడు ఆమె సామాను మోయటానికీ, ఆమెను మోయటానికీ ముప్ఫై ఒక్క వీపులుండేవి. ఇప్పుడు మోయటానికి సామానే లేదు.

రెండో రోజు నీళ్ళు కనిపించాయి. ఆ తరువాత అడవిపండ్లు, ఏదో పక్షి పెట్టిన పచ్చని గుడ్లు దొరికాయి. తిండిలేక గొంతు మూసుకుపోయి, వాటిని మింగటం కూడా కష్టమయిందట. ముళ్ళు గుచ్చుకుని ఒక బొటనవేలు కుళ్ళింది; అది తరువాత ఎన్నటికీ సరిగా వంగలేదు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, తెల్లవారుతుండగా, ఆమె మళ్ళీ బొబొనాసా ఒడ్డు చేరింది. ఎక్కడో చప్పుడు వినిపించింది. భయపడి అడవిలోకి తప్పుకోబోయింది. ఇంతకన్నా రాగల ఆపద ఏమున్నదనుకుని మళ్ళీ ఒడ్డుకే వచ్చింది. అక్కడ ఇద్దరు ఆదివాసులు దోనెను నీళ్ళలోకి నెడుతున్నారు. వాళ్ళ భార్యలు పక్కన ఉన్నారు. కనెలోస్‌లో రోగానికి భయపడి పారిపోయి దూరంగా కాపురముంటున్నవారే వీరు. ఇసబెల్ వారి భాషలోనే తన్ను అందోయాస్ చేర్చమని అడిగింది. చిన్ననాడు నేర్చిన కెచువా అప్పుడు అక్కరకు వచ్చింది. వాళ్ళు ఆమెకు తిండి పెట్టి, సేవచేసి, జాగ్రత్తగా ఊరు చేర్చారు.

ఇచ్చుకోవటానికి ఆమె దగ్గర మెడలోని రెండు బంగారు గొలుసులే మిగిలాయి. ప్రాణం నిలిపిన ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. ఆ ఊరి మతగురువు ఆమె కళ్ళముందే ఆ గొలుసులు తాను తీసుకుని, వారికి నాలుగు గజాల ముతకబట్ట ఇచ్చాడు. ఇసబెల్‌కు ఎంత కోపం వచ్చిందంటే, లేచి నిలబడే ఓపిక లేకపోయినా, ఆ ఊళ్ళో ఇక ఉండనని అప్పటికప్పుడు పడవ అడిగి వెళ్ళిపోయింది. అందోయాస్‌లో ఒక ఆదివాసీ స్త్రీ కుట్టి ఇచ్చిన నూలు పావడా ఆమె ఒంటిమీద ఉన్నది.

మరి హొవాకీన్ ఏమైనాడు? మాట తప్పలేదు. ఆలస్యమైనా, మనుషులతో పడవ తీసుకుని గుడిసె దగ్గరికి తిరిగివచ్చాడు. అక్కడ ఎవరూ లేరు. జాడలుపట్టి అడవిలోకి పోయి చూస్తే శవాలు కనిపించాయి. అందరూ పోయారనుకుని వెనుదిరిగాడు. ఇసబెల్ చనిపోయిందన్న వార్త నది వెంట ఆమె తండ్రిదాకా పోయింది. వైద్యుడు మాత్రం అసలు రానేలేదు. తరువాత లగునాస్ అనే ఊళ్ళో ఆమె ముందుకు వచ్చి, మిగిలిన సామాను కొంత అప్పగించబోయాడు. హొవాకీన్‌ను తన దగ్గరనుంచి పంపించి వేశాడని విని ఆమె అతణ్ణి గట్టిగా నిలదీసింది.

లగునాస్‌లో ఆమె కొన్ని వారాలు జబ్బుపడి కోలుకున్నది. అక్కడి మతగురువు మంచివాడు. ఇంకా వేల కిలోమీటర్లు ముందున్నాయి, కావాలంటే వెనక్కి రియొబంబా పంపిస్తానన్నాడు. అంత దాటివచ్చినదాన్ని ఇప్పుడు వెనక్కి పోనని ఆమె చెప్పింది. పోర్చుగీసు పడవ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నది, చూశారా! ఆ పడవవాళ్ళు ఆమెను రాణిలాగా చూసుకుంటూ అమెజాన్ పొడుగునా దింపారు.

1770 జూలై 22న, ఫ్రెంచి గయానాలో ఒయపోక్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, ఝాన్ గొదాన్ ఎదురు వెళ్ళి ఆ పడవ ఎక్కాడు. విడిపోయినప్పుడు అతడికి ముప్ఫై అయిదేళ్ళు, ఆమెకు ఇరవై, ఇరవైఒకటి. ఇప్పుడామెకు నలభై దాటాయి.

మరి మూడేళ్ళకు, 1773లో, ఇద్దరూ ఓడెక్కి ఫ్రాన్సు చేరుకున్నారు. ఆమె తండ్రి కూడా వెంట వెళ్ళాడు. అదే సంవత్సరం లా కొందమీన్ కోరగా ఝాన్ ఈ ప్రయాణమంతా ఒక ఉత్తరంగా రాశాడు. మనకు ఈ సంగతులు తెలిసింది ఆ ఉత్తరంవల్లనే. ఇసబెల్ వదిలివచ్చిన రియొబంబా 1797లో భూకంపానికి నేలమట్టమయింది. ఇప్పుడు అట్లాసులో ఉన్న రియొబంబా వేరొకచోట కట్టినది. దంపతులిద్దరూ ఝాన్ సొంత ఊరు సాంతమాన్‌లో ఉండి, 1792లోనే కొన్ని నెలల తేడాతో కన్నుమూశారు.

అందోయాస్‌లో ఆ స్త్రీ ఇచ్చిన నూలు పావడా, అడవిలో పాదాలకు కట్టుకున్న అన్నదమ్ముల బూట్ల అట్టలు ఇసబెల్ పారవేయలేదట. వాటిని ఫ్రాన్సుదాకా తెచ్చుకుని భద్రంగా దాచుకున్నదనీ, అవి తనకూ అంతే ప్రియమైనవనీ ఝాన్ ఆ ఉత్తరంలో రాశాడు.